సున్నా వేరు, ఖాళీ వేరు

ఎదుటివాడి తప్పు కనబడితే నాకు ఎక్కడలేని హుషారూ వస్తుంది. ముప్పై నాలుగేళ్లు బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌లో గడిపినవాడికి ఇంకేం వస్తుంది? భుజంగరావు అన్న పేరుకు తగ్గట్టే బుస కొడతానని మా ఆవిడ అంటుంది. రిటైరయ్యాక పొద్దుపోక, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా మేడ మీద వాన కొలిచే గేజ్ ఒకటి పెట్టుకున్నాను. అలాంటి పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిశారు. తర్వాత వాన మీద పరిశోధన చేసే పిల్లలు చేరారు. ఇప్పుడు బెంగళూరు చుట్టూ మాకు అరవై రెండు కేంద్రాలున్నాయి. ఒక నెలపత్రిక కూడా ఉంది. దానికి సంపాదకుణ్ణి నేనే.

పత్రిక అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఇంగ్లీషులో ఆరు పేజీలు, ఈమెయిల్లో పోతుంది. ఎవరు ఏ పరిశోధన ముగించారు, రాడార్ చెప్పిన వానకీ సీసాలో పడిన వానకీ ఎంత తేడా వచ్చింది, కొత్త కేంద్రం ఎక్కడ పెట్టాం, పాతది ఎక్కడ తీసేశాం, ఇవే వార్తలు. అన్నిటిలోకీ ఆ తీసేసిన కేంద్రాల జాబితానే నేను ఇష్టంగా రాస్తాను. దాచుకోవడం ఎందుకు?

మొన్న సెప్టెంబరు పన్నెండున ఆ జాబితాలో ఒక్క కేంద్రమే ఉంది. సర్జాపుర దగ్గర ఆకుకూరలు పండించే అక్కయమ్మ పొలంలోది. మా కొలతలన్నీ జల్లెడ పట్టే పరిశోధక విద్యార్థిని చైత్ర ఆ పొద్దున్నే ఫోన్ చేసింది.

"అంకుల్, ఆ స్టేషన్ డేటా అస్సలు మ్యాచ్ కావట్లేదు. చుట్టుపక్కల మూడు స్టేషన్లలో వాన ఉన్న రోజు ఇక్కడ జీరో ఉంటుంది. వాళ్లకి జీరో ఉన్నప్పుడు ఇక్కడ నలభై మిల్లీమీటర్లు! సిక్స్ ఇయర్స్ ఇదే కథ. నా పేపర్‌లోంచి డ్రాప్ చేసేస్తున్నా."

"కొలవకుండా ఇంట్లో కూర్చుని నోటికొచ్చింది రాస్తోందంటావా?"

"అలా నేనెలా అంటాను అంకుల్? నంబర్స్ మాత్రం అలాగే ఉన్నాయి."

నాకది చాలు. వెంటనే కూర్చుని రాసేశాను: పరిశీలకురాలి నిర్లక్ష్యం వల్ల ఈ కేంద్రాన్ని తొలగిస్తున్నాం, ఆరేళ్ల కొలతలూ రద్దు చేస్తున్నాం. ఆ సాయంత్రమే పత్రిక పంపాలి. ఈలోగా గేజ్ వెనక్కి తెచ్చేద్దామని భోజనం చేసి బయల్దేరాను. సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద దాన్ని పెడతామని అప్పుడే ఇంకొకరికి మాట కూడా ఇచ్చేశాను.

అక్కయమ్మకు అరవై దాటాయి. రెండు అపార్ట్‌మెంట్ల ప్రహరీల మధ్య ముప్పాతిక ఎకరా మిగిలింది. అందులో కొత్తిమీర, మెంతికూర, దంటు అనే తోటకూర వేస్తుంది. నేను వెళ్లేసరికి మెంతికూర కట్టలు కడుతోంది.

"రాండి సార్! ఆరేండ్లకి దారి కనపడిందా? కూర్చోండి, కాఫీ పెట్టిస్తా."

"కాఫీ వద్దులే. గేజ్ చూద్దామని వచ్చాను."

గేజ్ పొలం మధ్యలో, కర్ర మీద నిటారుగా ఉంది. పక్కనున్న మునగచెట్టుకు ఆ వైపు కొమ్మలన్నీ నరికేసి ఉన్నాయి. వాన చుక్కలకు అడ్డం వస్తాయని తానే కొట్టించిందట. నా మేడ మీది గేజ్‌కు పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డమని మూడేళ్లుగా తెలుసు, నేను మాత్రం జరపలేదు. అయినా నా మనసు మెత్తబడలేదు. పుస్తకాలు తెమ్మన్నాను.

ఆరు నోటుపుస్తకాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చింది. దొంగ రిజిస్టరు ముఖం నాకు బాగా తెలుసు. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఊపు. ఒక పూట కూర్చుని నింపేసినట్టు ఇట్టే తెలిసిపోతుంది. వీటిలో అలాంటిదేమీ లేదు. నాలుగు రోజులు నీలం, రెండు రోజులు ఎరుపు, మధ్యలో పెన్సిల్. ఒక పేజీలో పసుపు వేలిముద్ర ఉంది. ఇంకో పేజీ తడిసి ఆరింది. వాన లేని రోజున గుండ్రంగా సున్నా. ఎంత వెతికినా ఒక్క గడి ఖాళీగా లేదు.

"ఏ రోజూ తప్పలేదా?" అని అడిగాను. తప్పిందంటే బాగుండునని అడిగానేమో.

"ఎట్ల తప్పిస్తా సార్? కోడలికి కాన్పు అయిన దినం కూడా ఎనిమిదిన్నరకి కొలిచే ఆస్పత్రికి పోయినా. మడివాళ మార్కెట్‌కి పోతే పొద్దు ఎక్కకముందే వచ్చేస్తా. గడి ఇడిసిపెడితే చూడలేదని అర్థం అని మీరే చెప్పింటిరి కదా?"

అవును, చెప్పాను. మావాళ్లకు నేను నూరిపోసే మొదటి మాట అదే. సున్నా అంటే చూశాను, వాన లేదు. ఖాళీ అంటే చూడనే లేదు. ఈమె చూసింది. రోజూ చూసింది. మరి అంకెలెందుకు కలవడం లేదు?

"ఈ రోజు పొద్దున ఎంత వచ్చింది?"

"పదైదు."

"ఏదీ, చూపించు."

పదకొండో తేదీ గడి మీద వేలు పెట్టింది. పన్నెండు ఇంకా ఖాళీగా ఉంది.

"ఈ రోజు పన్నెండు కదమ్మా!"

"కొలిచింది ఈ దినమే సార్. వాన నిన్న రాత్రి కదా పడింది?" అంది, నాకు మతి పోయిందేమో అన్నట్టు చూస్తూ. "మీరు రాసిచ్చినట్లే రాస్తా ఉండా."

మొదటి పుస్తకం తెరిచి, అట్ట లోపలి పేజీ చూపించింది. ఆమె చదువుకున్నది కన్నడ బడిలో గనక నేను కన్నడలోనే రాసిచ్చాను. నా వంకర అక్షరాలు నాకు తెలియవా? ఒకటి: పొద్దున కొలిచిన నీళ్లు నిన్నటి వాన, కాబట్టి నిన్నటి తేదీలో రాయాలి. రెండు: వాన లేకపోతే సున్నా వేయాలి, గడి ఖాళీగా వదలకూడదు. కింద నా సంతకం కూడా ఉంది.

మా వానవాళ్ల పద్ధతి వేరు. వాన ఎప్పుడు పడినా సరే, పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో ఉన్న నీళ్లను ఆ కొలిచిన రోజు తేదీలోనే రాయాలి. అక్కయమ్మ గేజ్ పెట్టిన కొత్తలో ఆ సంగతి నాకే తెలియదు. నాకు తోచింది ఆమెకు రాసిచ్చాను. తర్వాత తెలుసుకుని మూడో సంచికలో సవరణ వేశాను, ఇంగ్లీషులో. సవరణ వేశాక నా పని అయిపోయిందనుకున్నాను. ఇంగ్లీషు రాని మనిషి ఒకరు సర్జాపురలో నా చీటీని నమ్ముకుని కూర్చున్నారన్న ధ్యాసే లేదు. ఎంచబోతే మంచమంతా కంతలే అంటారు. ఇక్కడ ఉన్న కంత ఒక్కటే, అది నాది.

అక్కడే నిలబడి చైత్రకు ఫోన్ చేశాను. అక్కయమ్మ తేదీలన్నీ ఒక రోజు ముందుకు జరిపి చూడమన్నాను. "ఒక్క నిమిషం అంకుల్" అని లైనులోనే ఉంచింది. కీబోర్డు టకటక వినబడింది.

"అంకుల్! పర్ఫెక్ట్‌గా కూర్చుంది. గ్యాప్ ఒక్కటీ లేదు. మన అరవై రెండిట్లో ఇదే బెస్ట్ స్టేషన్." ఫోను గట్టిగా వినిపిస్తోంది, అక్కయమ్మ కట్టలు కట్టడం ఆపింది. "ఆవిడ డేట్ తప్పు రాసిందా? పేపర్‌లో రీజన్ రాయాలి. అబ్జర్వర్ ఎర్రర్ అని పెట్టనా?"

పెట్టు అంటే అయిపోయేది. అక్కయమ్మకు ఆ ఇంగ్లీషు మాట అర్థం కాదు. ఒక్క క్షణం పెట్టమనాలనే అనిపించిందని ఒప్పుకుంటున్నాను.

"వద్దు. ఆమె తప్పేం లేదు. నేనే తప్పు చెప్పాను. నా పేరు రాయి," అన్నాను తెలుగులో, ఆమెకు వినబడేలా.

ఫోన్ పెట్టేశాక అక్కయమ్మ అడిగింది, "అంటే, ఆరేండ్లు నేను రాసిందంతా సుళ్లా సార్?" సుళ్లు అంటే కన్నడలో అబద్ధం.

"కాదమ్మా. ఒక్కటీ అబద్ధం కాదు. తేదీలు తప్పు చెప్పింది నేను. చైత్ర సరిచేసింది." గేజ్ తీసుకుపోవడానికి వచ్చానని, పత్రికలో ఏం రాసిపెట్టానో కూడా చెప్పేశాను. కోపమొస్తే రానీ అనుకున్నాను.

ఆమె మెంతికూర కట్టకు ముడి వేసి పక్కన పెట్టింది.

"ఒక్క మాట అడిగేదానికి ఆరేండ్లు రాలేదే సార్ మీరు. తీసకపోయేదానికి మాత్రం ఒక్క పూటలో వస్తిరి."

రేపటినుంచి ఏ రోజు కొలిస్తే ఆ రోజు తేదీలోనే రాయమని చెప్పాను. తలూపింది. పుస్తకం ముందుకు లాక్కుని వేలితో గడులు లెక్కపెట్టుకుంది.

"ఈ పొద్దుటిది పదకొండులో రాసేసినా. రేపటిది పదమూడులో పడతాది. పన్నెండు?"

నేనూ చూశాను. పద్ధతి మారితే పన్నెండో తేదీ గడిలో రాయడానికి ఏమీ మిగలదు. కంప్యూటర్లో సర్దుకుంటుంది. పుస్తకంలో సర్దుకోదు.

"ఏం కాదు, ఖాళీగా వదిలెయ్."

"వదిలితే చూడలేదని కదా సార్?"

"సున్నా వెయ్యి పోనీ."

"వాన పడితే సున్నా ఎట్ల వేస్తా?" గొంతు లేచింది. "ఆరేండ్లలో ఒక్క గడి ఇడిసిపెట్టినదాన్ని కాను. ఈ గడి నాది కాదు, మీది. మీరే రాయండి."

పెన్ను నా చేతిలో పెట్టింది. మళ్లీ ఆ వంకర కన్నడంలోనే, గడి చాలక అంచు దాకా రాశాను: ఈ రోజు కొలిచారు. గడి ఖాళీ కావడం నా తప్పు.

అక్కయమ్మ పుస్తకం దగ్గరికి తీసుకుని, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివింది. చదివి పుస్తకం నా వైపే తిప్పింది.

"నా తప్పు అంటే ఎవరిది? పుస్తకం నాది కదా సార్, నాదనుకుంటారు. పేరు రాయండి."

రాశాను, ఇంటిపేరుతో సహా. ఆమె సిరా మీద ఊది, ఆరిందని తెలిశాకే పుస్తకం మూసింది.