ప్రారంభోత్సవం అయ్యేదాకా ఆగాలి

నేను ఒక తాళంకప్పను. ట్రంకుపెట్టెకు తగిలించే చిన్నాచితకా రకం కాదు, అరచేతి నిండా పట్టే ఏడు లివర్ల దాన్ని. పుట్టింది అలీగఢ్‌లో. అక్కడ నన్ను సానపట్టిన ముసలాయన ప్రతి కప్పనూ చెవి దగ్గర పెట్టుకుని, తాళంచెవి తిప్పి, టక్‌మనే చప్పుడు విన్నాకగానీ అట్టపెట్టెలో పెట్టేవాడు కాదు. ఏ నగల దుకాణం షట్టరుకో వేలాడతావు పో అని నన్ను సాగనంపాడు. ముసలాయన మంచివాడే. మా మహానగరం రాజకీయాలు ఆయనకు తెలియవు, అంతే.

నన్ను కొన్నది విఠలన్న మనుషులు. విఠలన్న ఇప్పుడు బండమీది మార్కెట్ వార్డుకు కార్పొరేటర్. అప్పటికింకా కాలేదు, కావాలని అల్లాడిపోతున్నాడు. పార్టీ టికెట్ ఇవ్వలేదన్న మంటతో ఆయన అనుచరులు పార్టీ ఆఫీసు గేటుకు నన్ను బిగించి, ఖబడ్దార్ అని అరిచి, ఫొటోలు దిగి, చాయ్ తాగి వెళ్లిపోయారు. మూడో రోజు టికెట్ వచ్చింది. అదే మనుషులు వచ్చి నన్ను ఊడదీసి, గేటుకు పూలదండ వేసి, ఇది ఆఫీసు కాదు మాకు గుడి అన్నారు. మొన్న అమ్మా ఆలీ అని తిట్టిన నోళ్లే! మాట మార్చేముందు మనుషులు కనీసం గొంతైనా సవరించుకుంటారనుకున్నాను. అదీ లేదు. విఠలన్న గెలిచాక, మళ్లీ ఎప్పుడైనా అలగాల్సి వస్తే పనికొస్తానని నన్ను తన జీపు డాష్‌బోర్డులో పడేసుకున్నాడు.

ఆ అవసరం తొందరగానే వచ్చింది.

బండమీది మార్కెట్‌లో రెండువందల మందికి పైగా ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటోల్లో సరుకు దించుకుని, దీపాలు పెట్టే వేళదాకా గోనెపట్టాల మీద కూర్చుని కూరగాయలు అమ్ముతారు. ఇంతమందికీ ఒక్క మరుగుదొడ్డి లేదు. మగవాళ్లకేం, ఊరినిండా గోడలున్నాయి. పదేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా ఎట్టకేలకు ఒకటి కట్టారు. ఆరు గదులు, తెల్లటి టైల్సు, పైన ట్యాంకు నిండా నీళ్లు. ముందు గోడకు నల్లరాతి శిలాఫలకం. ఆ ఫలకం మీద ఎమ్మెల్యే శేషగిరి గారి పేరు గుమ్మడికాయంత అక్షరాల్లో ఉంది. విఠలన్న పేరు అడుగున, కాంట్రాక్టరు పేరుకు కాస్త పైన ఉంది. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు. ఇంకేం కావాలి?

విఠలన్న జీపు దిగి, నన్ను తీసుకొచ్చి, ఆ కొత్త తలుపు గొళ్లానికి తగిలించి, "ప్రొటోకాల్ లేదా? నా పేరు నిమ్మలంగా సదివేటట్టు రాసేదాక ఎవ్వడు తెరుస్తడో చూస్త" అన్నాడు. మర్నాడు శేషగిరి గారి మనుషులు వచ్చి, నా పక్కనే ఇంకో కప్ప వేసి వెళ్లారు. మూడు లివర్ల నాసిరకం. గాలి వీస్తే చాలు గలగలలాడేది. నగల దుకాణానికి వేలాడాల్సినదాన్ని నేను దొడ్డి తలుపుకు, అదీ అలాంటిదాని పక్కన వేలాడాను. నా ఖర్మ. మధ్యలో నలిగిపోయిన వార్డు ఇంజనీరు లక్ష్మీకాంతం ఇద్దరికీ కోపం రాకుండా తలుపుకు ఒక బోర్డు పెట్టి చేతులు దులుపుకున్నాడు. 'ప్రారంభోత్సవం అయ్యేదాకా వాడరాదు' అని.

నాకెదురుగా, ఆరడుగుల దూరంలో ఈదమ్మ కూర్చునేది. యాభై దాటిన మనిషి. పాలకూర, గోంగూర, కొత్తిమీర అమ్మేది. ఆమెకు కిడ్నీలో రాళ్లు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగకపోతే కిడ్నీ దక్కదని డాక్టరు చెప్పాడట. నీళ్ల సీసా తెచ్చుకునేది. అందులోంచి ఆకుకూరల మీద చల్లేది, చేతులు తడుపుకునేది. తనకు మాత్రం నోరు ఆరిపోయినప్పుడు ఒక్క గుటక, అంతే. పక్కనామె తాగమని పోరితే, "తాగితే పోవాలె. పోతే యాడికి పోవాలె?" అని నావైపు చూసేది. ఆ చూపుకు నా ఏడు లివర్లూ బిగుసుకుపోయేవి. నేను తెరుచుకోలేను కదా. కప్పకు బలం ఉంటుందిగానీ ఇష్టాయిష్టాలు ఉండవు.

ఆమె ఊరుకోలేదు. విఠలన్న దగ్గరికి వెళ్లింది. "అత్తా, నేనైతే ఇప్పుడే తీస్త. ముందుగాల ఆయనను తియ్యమను" అన్నాడు. శేషగిరి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెకు కుర్చీ వేయించి, ఆడబిడ్డల ఆత్మగౌరవం గురించి అరగంట మాట్లాడి, ఫొటో దిగి, ముందు విఠలన్నను తియ్యమనమన్నాడు. అలా ఏడాది గడిచింది. ఈలోగా మగమహారాజులు మా మరుగుదొడ్డి వెనక గోడను ఏ ప్రారంభోత్సవమూ లేకుండానే వాడుకోవడం మొదలుపెట్టారు.

తర్వాత టీవీవాళ్లు దిగారు. ఒక కుర్రాడు గొట్టం తెచ్చి నా మూతి ముందు పెట్టి, "ఈ కప్ప వెనక దాగిన కుట్ర ఏమిటి?" అని అరిచాడు. దాగడానికి నా వెనక తలుపు తప్ప ఏముంది నాయనా? సాయంత్రం చర్చ పెట్టారట. రెండు పార్టీలవాళ్లు గంటసేపు అరుచుకున్నారు. ఒక వాస్తు పండితుడు, తలుపు నైరుతికి ఉంది కనుకే నేతలకు పడటం లేదని తేల్చాడు. ఈదమ్మనూ అడిగారు. "నీళ్లు తాగాలె బిడ్డా" అందామె. అది బాగా రాలేదని, ఏడుస్తూ మళ్లీ చెప్పమన్నారు. ఆమె లేచి కొత్తిమీర కట్టలు సర్దుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. పరిశుభ్రత సర్వే ఒక ఎత్తు. పై నుంచి నలుగురు ఆఫీసర్లు ఫోన్లలో ప్రశ్నలు పెట్టుకుని నగరంలోని మరుగుదొడ్లన్నీ తిరుగుతూ మా దగ్గరికి వచ్చారు. తాళాలున్నాయని వెనక్కి పోతారనుకున్నాను. పోలేదు. ఒకాయన స్టూలెక్కి వెంటిలేటర్‌లోంచి తొంగిచూశాడు. మరకలున్నాయా? లేవు. వాసన? లేదు. నీళ్లు? ట్యాంకు నిండా. వాడుతున్నవాళ్ల నుంచి ఫిర్యాదులు? ఒక్కటీ లేదు. ఎక్కడినుంచి వస్తాయి? పదిహేను రోజులకు ఫలితాలు వచ్చాయి. నగరంలోకెల్లా అత్యంత పరిశుభ్రమైన ప్రజా మరుగుదొడ్డిగా మాకు మొదటి బహుమతి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనున్న మూడు లివర్ల కప్ప మాత్రం తానే సాధించినట్టు గలగలలాడింది.

బహుమతి వచ్చాక తాళాలు తీస్తారని ఆడవాళ్లు ఆశపడ్డారు. లక్ష్మీకాంతం చేతులు జోడించాడు. "అమ్మా, మార్చిల రెండో విడత సర్వే ఉన్నది. మీరు వాడితే ర్యాంకు పడిపోతది. ఈ నాలుగు నెలలు ఓపిక పట్టుండ్రి" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. పాపం, అతని ప్రమోషన్ ఆ ర్యాంకు మీద ఉంది.

ఆ వారమే ఈదమ్మ గోంగూర కట్టల మీదికి ఒరిగిపోయింది. నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే నలుగురు ఆడవాళ్లు ఆటోలో వేసుకుని వెళ్లారు. ఆమె పట్టా వారంపాటు ఖాళీగా ఉంది. నేను ఆ ఖాళీ చోటే చూస్తూ వేలాడాను. ఒట్టేసి చెబుతున్నాను, తుప్పుపట్టి ఊడిపడాలని కోరుకున్న మొదటి కప్పను నేనే అయ్యుంటాను. తిరిగి వచ్చేసరికి ఆమె సగమైపోయింది. ఒక కిడ్నీ చెడిందట. రెండోదైనా మిగలాలంటే నీళ్లు తాగి తీరాలి, ఎప్పుడు వస్తే అప్పుడు వెళ్లి తీరాలి, ఆపుకోవడం కుదరదు అని డాక్టరు గట్టిగా తిట్టి పంపాడట.

అప్పుడు కబురొచ్చింది. బహుమతి ఇవ్వడానికి స్వయంగా మంత్రిగారే వస్తున్నారు! ఆ మాట వినగానే విఠలన్నకూ శేషగిరి గారికీ ఉన్నట్టుండి సఖ్యత పుట్టుకొచ్చింది. శిలాఫలకం కొత్తది చేయించారు, రెండు పేర్లూ ఒకే కొలతలో. షామియానా వేశారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. గొడవ రాకుండా రెండు కత్తెర్లు తెచ్చారు. ఫొటోగ్రాఫరు ఒకటీ, రెండూ, మూడూ అంటుంటే ఇద్దరు నాయకులూ ఒకేసారి తాళాలు తీశారు. పద్నాలుగు నెలల తర్వాత నా కొక్కెం పైకి లేచింది. నన్నూ ఆ గలగలల దాన్నీ కత్తెర్ల పక్కన వెండి పళ్లెంలో బంతిపూల మధ్య పెట్టారు. పళ్లెం పట్టుకున్నది లక్ష్మీకాంతం.

లబ్ధిదారుల తరఫున మంత్రిగారికి పూలగుత్తి ఇవ్వడానికి ఈదమ్మను ఎంచారు. కొత్త చీర కట్టించి రిబ్బన్ పక్కన నిలబెట్టారు. తొమ్మిదింటికి వస్తానన్న మంత్రిగారు పదకొండైనా రాలేదు. ఎండ మండుతోంది. మంత్రిగారికి కుడిపక్క ఎవరు నిలబడాలన్న దాని మీద సఖ్యత కాస్తా చెడి, నాయకులిద్దరూ మళ్లీ గొంతులు పెంచారు. ఈదమ్మ పొద్దున్నే మాత్రలు వేసుకుంది, డాక్టరు చెప్పినట్టు సీసాడు నీళ్లూ తాగింది. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతోంది. పెదవి కొరుక్కుంటోంది. నాకు తెలిసిపోయింది. అక్కడున్న మనుషులకే తెలియలేదు.

ఆమె పూలగుత్తిని తీసుకొచ్చి పళ్లెంలో నా మీద పెట్టింది. వంగి రిబ్బన్ కింద దూరింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

అందరూ నోళ్లు తెరిచారు. టీవీలో లైవ్ నడుస్తోంది. ముందుగా తేరుకున్న విఠలన్న తలుపు బాదాడు. "అత్తా! ఇంకా రిబ్బన్ కట్ గాలే! బైటికి రా, మంత్రి సారొస్తున్నడు!"

"ఆగుమను బిడ్డా" అంది లోపలి నుంచి ఈదమ్మ. "నేనాగలేదా ఇన్నొద్దులు?"

లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. అలీగఢ్‌లో ముసలాయన చెవి దగ్గర పెట్టుకుని విన్న టక్ కంటే నాకు ఆ చప్పుడు ముద్దొచ్చింది. మార్కెట్‌లో తక్కెళ్లన్నీ ఆగిపోయాయి. టమాటాలమ్మే ఆమె లేచింది. ఆమె వెనక చింతపండు ఆమె. కాసేపట్లో యాభై మంది రిబ్బన్ కింద దూరడానికి వరసలో నిలబడ్డారు. మంత్రిగారి కారు వీధి మొదట్లోకి వచ్చి, ఆ వరస ఎందుకో తెలుసుకుని, అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. మర్నాడు లక్ష్మీకాంతం కొత్త కప్ప తెచ్చాడట గానీ, లోపల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండటంతో వేయడానికి సందు దొరకలేదట.

విఠలన్న, శేషగిరి గారు జీవితంలో మొదటిసారి ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. అది ఈదమ్మ మీద ఫిర్యాదు. ప్రారంభోత్సవానికి ముందే ప్రారంభించి ప్రభుత్వాన్ని అవమానించిందట. సాక్ష్యం కింద నన్ను పట్టుకొచ్చి, మెడకు అట్టముక్క కట్టి, పోలీస్ స్టేషన్ బల్ల మీద పెట్టారు. ఏ సెక్షన్ కింద రాయాలో తెలియక ఎస్సై రెండు పుస్తకాలు తిరగేశాడు. చివరికి ముందు వాంగ్మూలం రాయమని కానిస్టేబుల్ స్రవంతికి అప్పజెప్పి భోజనానికి వెళ్లాడు. పాతికేళ్ల పిల్ల. ఆ స్టేషన్‌లో ఆడమనిషి ఆమె ఒక్కతే.

"చెప్పక్కా. లోపలికి పోయినవా?"

"పోయిన."

"ఎందుకు పోయినవ్?"

ఈదమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "ఎందుకు పోతరు బిడ్డా?"

స్రవంతి అది రాయలేదు.

"జర జల్ది రాయి. పొద్దుగాలసంది రెండు సీసల నీళ్లు తాగిన. ఈడ ఆడోళ్లకు యాడుంది?"

"ఈడ లేదక్కా. ఒక్కటే ఉన్నది, అది ఎస్సై సారుది. తాళమేసి పోతడు."

"మరి పొద్దంత నువ్వెట్ల జేస్తవ్?"

"నీళ్లే తాగనక్కా" అంది స్రవంతి, తలెత్తకుండా.

ఈదమ్మ కొంగు దోపుకుని లేచి, ఆ పిల్ల భుజం తట్టింది. "లే బిడ్డా. నడువు, పోదాం."

స్రవంతి గుమ్మం వైపు చూసింది, నావైపు చూసింది. పెన్నుకు మూత పెట్టి లేచింది. ముద్దాయి ముందూ, పోలీసు వెనకా, ఇద్దరూ గబగబా నేరం జరిగిన చోటికి నడిచారు.