ఏటా వెళ్ళిన గోతం

బోనులో నిలబడేదాకా గంగాదేవికి తను ఏ రవిక వేసుకుందో గుర్తులేదు. పొద్దున హిందూపురంలో రైలెక్కే తొందరలో, పెట్టెలో పైనున్న నెమలిమెడ రంగు పట్టు రవిక తీసి తొడుక్కుంది. కోర్టుకు పోయేటప్పుడు ఉన్నవాటిలో మంచిది వేసుకోవాలనుకుంది, అంతే.

పెనుకొండలో దిగినప్పటినుంచీ కొడుకు సురేంద్ర ఒకటే మాట చెప్తూ వచ్చాడు.

"అమ్మా, పాపన్న పెద్దాయన చూసుకోమని ఇచ్చినాడని మాత్రం అనగాకు. అంటే ఆడికే అయిపాయె."

"ఇచ్చింది నిజమే కదరా."

"కాదని ఎవురన్నారు? చూసుకోమని ఇచ్చిన భూమి నూరేండ్లు దున్నినా మనది కాదంట. నీది కాదు, నాదే అని పన్నెండేండ్లు అందరూ చూస్తాండగా చేసుకుంటేనే మనదవుతాదంట. లాయరు నీ ముందరే కదా చెప్పె."

మంచిగా ఉన్నవాళ్ళకు రాని హక్కు ధిక్కరించినవాళ్ళకు ఎట్లా వస్తుందో గంగాదేవికి అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఆ రెండెకరాలు పాపన్నవి. ముప్పై ఏళ్ళ కిందట మగ్గం పని చూసుకొని ధర్మవరం వెళ్ళిపోతూ, "బీడు పెట్టొద్దు సంజీవప్పా, చేసుకొని తినండి" అని గంగాదేవి భర్తతో చెప్పాడు. కాగితం లేదు, గుత్త లేదు. బావి తవ్వింది సంజీవప్ప, రాళ్ళు ఏరింది గంగాదేవి. ఏటా చెనక్కాయ పెరికాక మొదటి గోతం మాత్రం ధర్మవరం పోవాలి. నేల ఎవరిదో వాళ్ళు తిన్నాకే మనం తినాలని సంజీవప్ప పట్టుదల. గోతం ఉత్తదే తిప్పి పంపకూడదని పాపన్న భార్య వెంకటసుబ్బమ్మ దాన్ని ఉతికి, లోపల ఒక రవిక గుడ్డ మడిచిపెట్టి పంపేది. మగవాళ్ళిద్దరూ పోయాక కూడా అది ఆగలేదు. మూడేళ్ళ కిందట పాపన్న కొడుకులు ఆ భూమిని అమ్మకానికి పెట్టారని తెలిసింది. సురేంద్ర కేసు వేశాడు. ఆ ఏటినుంచీ గోతం పోలేదు.

"ఏటా చెనక్కాయలు పంపేవాళ్ళు కదమ్మా? ఆయన భూమి అనే కదా పంపింది?" అవతలి లాయరు అడిగాడు.

గంగాదేవి బల్లలవైపు చూసింది. వెంకటసుబ్బమ్మ ఆమె ముఖంలోకి కాదు, భుజంవైపు చూస్తోంది. అప్పుడు తెలిసింది, తన ఒంటిమీద ఉన్నదేమిటో. పైట పైకి లాక్కుంది.

"లేదు సార్. వాళ్ళకూ మాకూ ఇచ్చిపుచ్చుకునేదేమీ లేదు."

ఆ రవిక సంగతి వెంకటసుబ్బమ్మ తన లాయరుతో చెప్పలేదు. బయట కొళాయి దగ్గర మాత్రం ఎదురుపడింది.

"మెడ బాగా కుదిరిందే గంగా. ఎవురు కుట్టిరి?"

"హిందూపురంలోనే, అక్కా."

"ఆ రంగు నీకు బాగుంటాదని నేనే ఏరినా. పోనీలే, ఏమీ లేదంటివి, మేలే అయింది. గోతాలు ఉతికి ఉతికి నాకూ చేతులు పడిపాయె." కొళాయి కట్టేసింది. "ఒక్కసారి వచ్చి అడిగింటే నా కొడుకుల్ని నేను ఆపుతాంటి కదే. ధర్మవరమేమన్నా దూరమా?"

అడగొచ్చని గంగాదేవికి తట్టనే లేదు, ఆ ఇంటికి అంతకాలం గోతం పంపి కూడా.

ఏడాదికి తీర్పు వచ్చింది. భూమి గంగాదేవిదే అయింది. వాళ్ళమ్మ వద్దందని పాపన్న కొడుకులు పైకోర్టుకు పోలేదు.

ఆ కార్తీకంలో చెనక్కాయ పెరికాక గంగాదేవి మొదటి గోతం నింపి మూతి కుట్టింది.

"ఎవురికమ్మా? ఇప్పుడు మనదే కదా" అన్నాడు సురేంద్ర.

"కాదని ఎవురన్నారు?" అంది.

అతను గోతం రైల్లో పెట్టి వెళ్ళిపోయాడు. ధర్మవరంలో ఆటో చేసుకొని తనే పోయింది. వెంకటసుబ్బమ్మ లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. కాయలు చాప మీద పోయించుకొని, ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది.

"గింజ గట్టిగా ఉండాది" అంది.

తర్వాత గోతం దులిపి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది.

తిరుగు రైల్లో గంగాదేవి మడతలు విప్పి, లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. పెనుకొండ దాటాక మళ్ళీ ఒకసారి తడిమింది.