ఉప్పుకొట్టులో అన్న మాట

మా ఊళ్ళో ఈ మధ్య ఎవరికీ ఊపిరాడటం లేదు. బస్సు కిటకిటలాడితే ఊపిరాడటం లేదు, కరెంటు పోతే ఊపిరాడటం లేదు, ఒడ్డున ఊరికే కూర్చుని చుట్ట కాల్చే పోతయ్య తాతకి కూడా ఊపిరాడటం లేదు. అందరూ ఆ మాట అనేసి పకపకా నవ్వుతారు. ఆ మాట నాది. నా నోట్లోంచి వచ్చింది. నవ్వులాటకి అన్నది మాత్రం కాదు.

ఒడిశాలో గంజాం దాటి సముద్రం వైపు దిగితే మా వాడ వస్తుంది. మా వాడ అంటున్నాను గానీ అది మా అత్త కూర్మమ్మది. నా కన్నవారిది ఇచ్ఛాపురం దగ్గర. నాకు పెళ్ళై పసుపు బట్టలు మాయకముందే నా మొగుడు ప్రేమ్ మల్పే వెళ్ళిపోయాడు. కర్ణాటకలో పెద్ద బోట్ల మీద పని. వానల్లో అక్కడ వేట ఆపేసినప్పుడు ఇంటికి వస్తాడు, మళ్ళీ బోట్లు కదిలే వేళకి వెళ్ళిపోతాడు. మిగతా ఏడాదంతా ఇంట్లో నేనూ, అత్తా, బరంపురంలో కాలేజీ చదివే ఆడపడుచు రింకీ. అత్త చెడ్డది కాదు. తిట్టదు, చెయ్యెత్తదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడ గయ్యాళి అయితే వాడంతా నా వైపు ఉండేది.

గడప దాటబోతే "ఎందుకమ్మా, ఏటి గావాలో సెప్పు, నాను తెస్తాను" అంటుంది. నాకో ఫోను కొనమంటే "ఇంట్లో ఉన్నది సాలదేటి?" అంది. ప్రేమ్ ఆ ఫోనుకే చేస్తాడు. దాన్ని స్పీకర్‌లో పెట్టి మంచం మీద ఉంచుతారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి పలకరిస్తారు. అందరివీ అయ్యాక నా వంతు. "బాగున్నావా?" "బాగున్నాను." అంతమంది ముందు మొగుడూ పెళ్ళాలు ఇంకేం మాట్లాడుకుంటారు? గోడలకి చెవులుంటాయంటారు గానీ మా ఇంట్లో అసలు మధ్య గోడే లేదు, పాత చీర కట్టిన తెర. ప్రేమ్ వచ్చినప్పుడైనా మనసులో మాట చెబుదామని గొంతు విప్పితే తెర అవతల అత్త దగ్గుతుంది. నన్నూ నీతో తీసుకెళ్ళు, అని చెప్పాలి. అంతే. మల్పేలో మనవాళ్ళు చాలామంది పెళ్ళాలతో గదులు తీసుకుని ఉంటున్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు చోటు దొరకలేదు.

ఇక రింకి సంగతి. అది చదివేది మాస్ కమ్యూనికేషన్. వాళ్ళ హేమచంద్ర మాస్టారు ఒక పని ఇచ్చారు: లేని సినిమాకి ట్రైలర్ తియ్యాలి.

"సినిమా నేకుండా ట్రైలరేటే?" అన్నాను.

"అదే సదువు వదినా."

తీసినందుకు సగం మార్కులు, దాన్ని జనంలోకి తీసుకెళ్ళినందుకు సగం మార్కులట. పెళ్ళికూతురు లేకుండా శుభలేఖలు పంచినట్టుంది అనుకున్నాను. రింకి కథ ఏమిటంటే, హుమ్మ ఉప్పుమళ్ళ దగ్గర ఉప్పు నిలవ చేసే కొట్టులో ఎవడో ఒక అమ్మాయిని పెట్టి తాళం వేస్తాడు. ఎవడు, ఎందుకు అంటే దానికీ తెలియదు. "ట్రైలర్లో అది సెప్పక్కర్లేదు" అంది.

షూటింగ్ రోజున నేను అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. పిల్లని మగపిల్లల మధ్య ఒంటరిగా పంపలేక అత్త నన్ను తోడు పంపింది. భంజనగర్ నుంచి రావాల్సిన హీరోయిన్ ఎండకి జడిసి రానే లేదు. రింకి మొహం మాడిపోయింది. కెమెరా పట్టుకున్న దిలీప్, వాళ్ళ క్లాసు ఒడియా కుర్రాడు, క్యారేజీ విప్పుతున్న నన్ను ఎగాదిగా చూసి "భావుజ అయితే?" అన్నాడు. భావుజ అంటే వదిన. అలా నేను హీరోయిన్ని అయిపోయాను.

రింకి రాసుకొచ్చిన మాట "ఎవరైనా ఉన్నారా? కాపాడండి!" నేను అన్నాను. "సేపలమ్మినట్టున్నాది వదినా" అంది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే వంక. చివరికి చీకటి కావాలని తలుపు నిజంగానే మూసేశారు. లోపల ఉప్పు గుట్టా, నేనూ, దిలీపూ. తలుపు సందులోంచి సన్నగా వెలుతురు. కళ్ళు మండుతున్నాయి. బయటినుంచి రింకి "రాసింది ఒగ్గీ వదినా! నీకేటి తోస్తే అదే అను" అని అరిచింది.

నాకు తోచింది ఒక్కటే. దిలీప్‌కి తెలుగు అంతంతమాత్రం. అత్త లేదు, మంచం మీద ఫోను లేదు, తెర లేదు.

"నాకీడ ఊపిరాడ్డం నేదు. నన్ను తీసుకెల్లిపో" అన్నాను.

గట్టిగా అనలేదు. ప్రేమ్ ఎదురుగా కూర్చున్నాడనుకుని అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. దిలీప్ కెమెరా దించేశాడు. తలుపు తెరిచాక రింకి నా మొహం చూసింది గానీ ఏమీ అడగలేదు. తెలివైన పిల్ల. ఆ తెలివి మార్కుల వైపు కొంచెం ఎక్కువగా మొగ్గింది, అంతే.

ట్రైలర్ తయారైంది. సముద్రం, ఎవరివో పరిగెత్తే కాళ్ళు, దబదబా డప్పు, ఆ తర్వాత అంతా ఆగిపోయి నా మొహం, నా మాట, దాని కింద ఒడియా అక్షరాలు. రింకి దాన్ని మొట్టమొదట వాళ్ళమ్మకే చూపించింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చూడటం అయ్యాక అత్త ఫోను రింకి చేతికిచ్చి నా వైపు తిరిగింది.

"సీతాలూ" అంది. "నా ఇంట్లో నీకు ఊపిరాడ్డం నేదేటమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది! అవునని మొహం మీదే చెప్పేసేదాన్ని. ఆవిడ బాధపడి అడిగింది.

"నాను అన్నది కాదత్తా. రింకి రాసింది" అనేశాను.

రింకి నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. "అవునమ్మా, నానే రాసినాను. సినిమా మాట" అంది.

అత్త నవ్వింది. విసనకర్ర అందుకుని ఊపుకుంటూ "అబ్బబ్బ, నాకీడ ఊపిరాడ్డం నేదు, ఎవలైనా నన్ను తీసుకెల్లిపోండర్రా!" అంది. ముగ్గురం నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. బతికిపోయాననుకున్నాను.

తర్వాత రింకి ప్రచారానికి దిగింది. పోస్టర్లు వేస్తే ఎవరు చూస్తారని, ఒక ఆట కనిపెట్టింది. ఎవరికి ఎక్కడ ఊపిరాడకపోతే అక్కడ నిలబడి నా మాట అని, వీడియో తీసి పెట్టాలి. మొదట దాని స్నేహితులు పరీక్ష హాలు ముందు నిలబడి అన్నారు. కొడల సంతలో ఒక ఆటోవాడు, వెనక జనాన్ని కుక్కుకుని, తల బయట పెట్టి అన్నాడు. ఒక పెళ్ళికొడుకు దండల్లోంచి అన్నాడు. ఎవడో గేదె మెడ పట్టుకుని గేదె తరఫున అన్నాడు. తెలుగు రాని ఒడియావాళ్ళు కూడా ముక్కలు ముక్కలుగా అనడం మొదలుపెట్టారు. ఒడ్డు మీద నేను కనబడితే చాలు, పిల్లలు గొంతు పట్టుకుని పడిపోయేవారు. నవ్వకపోతే "హీరోయిన్‌కి పొగరు" అంటారు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

"ఇంక ఆపీవే" అన్నాను రింకితో.

"నా సేతిలో ఏటున్నాది వదినా? జనంలోకి ఎల్లీసింది. నాను తీసీసినా అందరి ఫోన్లలో ఉంటాది." గొంతు తగ్గించింది. "పోనీ, అమ్మకి నిజం సెప్పీమంటావా?"

"సెప్పినావంటే నీ జుట్టు పీకుతాను."

దాన్ని అనడానికి నాకు నోరు లేదు. ఆ మాట నాది కాదని మొదట అన్నది నేనే.

కాలేజీలో అందరి ట్రైలర్లూ పెద్ద తెర మీద వేసిన రోజు అత్త పట్టుచీర కట్టుకుని నన్ను తీసుకెళ్ళింది. హేమచంద్ర మాస్టారు మైకు పట్టుకుని, రెండు నిమిషాల్లో ఒక ఆడదాని బతుకంతా చెప్పిన మాట ఇది, ఈ వయసులో ఇలా రాయడం మామూలు సంగతి కాదు, అన్నారు. రింకి లేచి నిలబడింది. తల వంచుకునే నిలబడింది, పాపం. అందరూ అది వినయం అనుకున్నారు. అత్త నా మోకాలు మీద తట్టి "సప్పట్లు కొట్టు" అంది. కొట్టాను.

ప్రేమ్ ఫోన్ చేశాడు. మంచం మీద, స్పీకర్‌లో. "ఒలే సీతాలూ, ఈడ బోటంతా నీ డైలాగే!" అన్నాడు. వీడియో పంపాడు. వలల కుప్ప మీద కూర్చుని మనవాళ్ళందరూ ఒక్క గొంతుతో అంటున్నారు. నేను ప్రేమ్ మొహమే వెతికాను. ఎక్కడైనా అనుమానం ఉందేమో, ఇది నా పెళ్ళాం గొంతు కదా అన్న ఆలోచన ఉందేమో అని. అందరికంటే పెద్దగా నవ్వుతున్నది వాడే.

అయినా నేను ఆశ వదల్లేదు. వాడు జూన్‌లో వస్తాడు. ఈసారి తెర సంగతి తర్వాత, ఒడ్డుకి తీసుకెళ్ళి చెబుతాను. ఆ మాట మాత్రం వాడను, అది పాడైపోయింది. వేరే మాటలు కూర్చుకున్నాను. పొయ్యి ఊదుతూ, చేపలు తిరగేస్తూ, లోపల లోపలే చెప్పుకుని చూసుకున్నాను.

వచ్చాడు. చుట్టాల సందడి తగ్గాక, ఒక సాయంత్రం ఎండుచేపలు ఎత్తడానికి సాయం రమ్మని ఇసకలోకి తీసుకెళ్ళాను. గంప కింద పెట్టి, వాడి కళ్ళలోకి చూసి చెప్పాను.

"ఈసారి నానూ నీతోటి వస్తాను. సిన్న గదైనా సాలు. నాను కూడా ఏదో పనికి ఎల్తాను. ఈడ నా వల్ల కాదు."

వాడు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది. "ఏటి, రెండో పార్టా?"

"పార్టు కాదు. నిజం సెప్తన్నాను."

"ఆఁ! అలగే అనాల! కల్లల్లో ఏడుపు సూడు, ఎంత బాగా తెస్తన్నావో! ఉండుండు" అని ఫోను బయటికి తీశాడు. "మల్లీ మొదట్నుంచి సెప్పు."

ఆ ఫోను మీద కొట్టాను. ఎగిరి ఇసకలో పడింది. వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, వంగి ఫోను తీసుకుని, ఇసక ఊదుకుంటూ ఇంకా నవ్వాడు. ఇంటి ముందు నుంచి చూసి రింకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, నవ్వకు. ఆ మాట నాను రాయనేదు. వదినే అన్నాది. నిజంగానే అన్నాది."

"ఓలమ్మో! అయితే మన ఇంట్లో రైటరు కూడా ఉన్నాదన్నమాట!" అన్నాడు ప్రేమ్. వాడి కళ్ళలో గర్వం. నిజంగా గర్వమే. ఆ గర్వం చూసి నాకు చచ్చిపోవాలనిపించింది. అటుగా వెళ్తున్న వాళ్ళని పిలిచి మరీ చెప్పాడు, డైలాగు కూడా మా సీతాలుదేనని.

గంప అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చాను. అత్త కత్తిపీట దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఆడ్ని అడిగినావేటి?"

"ఏటి అత్తా?"

"తీసుకెల్లమని." వంకాయ ముక్కలు నీళ్ళలో వేసింది. "నాకు ఆ దినమే తెలుసమ్మా. రింకికి అలటి మాట ఎక్కడ్నించి వస్తాది? దానికి ఏటి తెలుసు?"

"తెలిసీ నవ్వినావా?"

"నవ్వకపోతే ఏటి సేస్తాను? నిజమని ఒప్పుకుంటే నిన్ను పంపీయాల. నవ్వులాట సేసినాననుకో, ఎవలూ నమ్మరు." అప్పుడు తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆడు బోటు మీద ఉంటాడు. రేపో మాపో రింకి అత్తోరింటికి ఎల్లిపోతాది. నువ్వూ ఎల్లిపోతే నాకు ఎవలున్నారే?"

వంకాయ తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. గంపలు మోసి మోసి అరిగిపోయిన చెయ్యి, పట్టులో బలమేమీ లేదు. చిన్నపిల్ల కూడా విదిలించుకోగలదు. నేను విదిలించుకోలేకపోయాను. బోట్లు కదిలే వేళకి ప్రేమ్ ఒక్కడే బరంపురంలో రైలెక్కాడు.