దాలయ్య తావు

దాలయ్య బతికే ఉన్నాడట. అమరావతిలో ఎవరో అచ్చేసిన పుస్తకంలో అతని పేరుందట, ఇంటిపేరుతో సహా, మా పాలెం పేరుతో సహా. నరసన్నపేట సంతకి ఎండుచేప పట్టుకెళ్లిన జగ్గమ్మకి అక్కడెవరో చెప్పారట. జగ్గమ్మ వచ్చే ఆటోలోనే సగం ఊరికి చెప్పింది. మిగతా సగానికి రాణి చెప్పింది. ఆ కబురు మా వీధికి చేరేసరికి దాలయ్యకి అక్కడ ఉద్యోగం కూడా వచ్చేసింది.

ఇరవై రెండేళ్ల కిందట వేటకెళ్లి తిరిగిరాని మనిషి అతను. తెప్ప దొరికింది, వల దొరికింది, మనిషి దొరకలేదు. మా పాలెంలో శవం ఒడ్డుకి రాకపోతే చచ్చిపోయాడని అనం. సముద్రం మాకు గంగ, ఆ గంగలో ఉన్నాడంటాం. పెళ్లాం బొట్టు తీయదు. ఆఖరిసారి ఏ చోటునుంచి తెప్ప నెట్టాడో ఆ ఇసుక తావుకి అతని పేరు పెడతాం. అక్కడ ఎవరైనా చేపలు ఎండబెట్టుకోవచ్చు, వల బాగుచేసుకోవచ్చు. ముందు పలకరించాలి, అంతే. 'దాలయ్యా, కాస్త జరుగు' అని, అప్పుడు నెత్తళ్ల చేపలు పరవాలి. పొద్దున్నే ఒడ్డుకొస్తే ఆడోళ్లంతా ఇసుకతో మాటాడుతూ కనిపిస్తారు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం గనక మాకు వింత కాదు. శ్రీకూర్మం యాత్రకొచ్చి సముద్రం చూద్దామని ఇటు నడిచినవాళ్లు మాత్రం ఓ నిమిషం నిలబడి వెనక్కి తిరుగుతారు.

దాలయ్య పెళ్లాం అసిరమ్మని ఒకసారి మరిది నాగబాబు వితంతు పింఛను కోసం ఆఫీసుకి తీసుకెళ్లాడు. బొట్టుతో ఉన్న మనిషిని చూసి, శవం లేదన్న మాట విని, అక్కడి గుమస్తా చచ్చిపోయాడని రాయడం కుదరదన్నాడు. నాగబాబు దారంతా తిట్టుకుంటూ వచ్చాడు. అసిరమ్మ మాత్రం ఏదో మంచి కబురు విన్న మనిషిలాగ నడిచొచ్చింది.

ఇప్పుడీ పుస్తకం సంగతి ఆమెకి ఎవరూ సూటిగా చెప్పలేదు. అయినా తెలిసింది. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని ఒడ్డుకొచ్చింది. చేపల పనికి ఎవరూ కట్టని చీర.

మూడోనాడు హేమ ఆ పుస్తకాన్ని ఫోన్లో పట్టుకొచ్చింది. హేమ శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న మా పాలెం గుంట. అసిరమ్మ ముందు ఇసుకలో కూలబడి, "అత్తా, మావ కబురు కాదే అది. నేను రాసిందే," అంది.

కిందటి చలికాలంలో 'ఆర్థిక స్వేచ్ఛా విధాన కేంద్రం' అని ఒక సంస్థ వాళ్లొచ్చారు. అది సర్కారు సొమ్ముతో నడుస్తుంది. ఏ చట్టం కొట్టెయ్యాలో, ఏది కొత్తగా రాయాలో సర్కారుకి చెప్పడం దాని పని. హేమకి పది రోజుల పని, చేతికో ట్యాబు ఇచ్చారు. తావు తావుకీ వెళ్లి ఇది ఎవరిది అని అడగాలి. ఆడోళ్లు ఏం చెప్తారు? ఇది దాలయ్యది, అది పోలయ్యది, ఆ చివరది ఎర్రయ్యది అన్నారు. హేమ ట్యాబులో అలాగే కొట్టింది. ఆ గుంటకి తేడా తోచలేదు. పక్కనే ఉన్న మాకూ తోచలేదు. మా నోళ్లలో ఆ పేర్లు ఎప్పుడూ చచ్చినోళ్ల పేర్లు కావు మరి.

ఆ విధాన కేంద్రం వాళ్లు ఆ పేర్లని ఆధార్‌తో, ఓటర్ల జాబితాతో సరిచూసుకున్నారు. నలభై మూడు తావులు, నలభై ముగ్గురూ లేరు. హక్కుదారులు మరణించారు, వారసులెవరూ ముందుకు రాలేదు, తీరం ఖాళీగా పడి ఉంది అని రాశారు. ఎవరిదీ కాని భూమిమీద ఎవరూ పెట్టుబడి పెట్టరు కాబట్టి పాత తీరపు నిబంధనలు తీసేసి, హక్కులు తేల్చే కొత్త చట్టం తెచ్చి, ఖాళీ తావులు వేలం వెయ్యాలన్నారు. భోగాపురంలో విమానం దిగినవాళ్లకి సముద్రం కనిపించే గదులు కావాలి కదా.

హేమ చదవడం ఆపాక అసిరమ్మ ఒక్క మాటే అంది. "అయితే ఆడు అమరావతిలో లేడు." ఆ ఇస్త్రీ చీరలోనే నెత్తళ్లు తిరగేసుకుంటూ కూర్చుంది.

వలల పాకలో మీటింగు పెట్టుకున్నాం. అరవై గడపలూ వచ్చాయి. ముందు హేమ మీద పడ్డారు, చదువు ఎందుకు ఆ మాత్రం తెలీనప్పుడు అని. ఆ తరవాత నాగబాబు లేచాడు. పేర్లు దిద్దించుకుందాం, మన పేర్ల మీద పట్టాలు అడుగుదాం అన్నాడు.

"ఆ కేంద్రపోలు సెప్పినదాంట్లో తప్పేటున్నాది? పట్టా ఉంటే బేంకోడు ఇంజినుకి అప్పిస్తాడు. ఆపీసరు కాళ్లు పట్టుకోనక్కర్నేదు. ఎన్నాళ్లు ఇసకని పలకరించుకుంతాం?"

చాలా తలలు ఊగాయి. అబద్ధం ఏమీ లేదు అందులో. పట్టా లేకపోవడం ఎంత నరకమో మాకు తెలుసు.

హేమ అప్పుడు పుస్తకం ఆఖరి పేజీ చదివింది. పట్టాలు ఇచ్చిన అయిదేళ్లలో ఎక్కువమంది చిన్న హక్కుదారులు తమంతట తామే అమ్ముకుంటారని, భూమి దాన్ని బాగా వాడుకోగలవాళ్ల చేతికి చేరుతుందని అందులో ఉంది. దానికి సంతోషిస్తూ రాశారు.

అసిరమ్మ కూర్చున్నచోటునుంచే మరిదిని పిలిచింది.

"ఒరే నాగబాబూ, మన పేర్లు రాయిస్తే కొనేవోలు ఒక్కొక్కల గుమ్మంలోకీ వస్తారు. నీ కూతురికి జొరం ముదిరిన నాడు నీకాడికొస్తారు. గాలికి నా పాక ఎగిరిపోయిన నాడు నాకాడికొస్తారు. మీ అన్న కాడికి ఎలాగెల్తారు? ఆడు సంతకం ఎట్టడు కదా."

మాలో చదువుకున్నోళ్లం కూడా చెప్పలేకపోయిన సంగతి అది. ఎవరికి వాళ్లుగా ఉంటే మమ్మల్ని కొనడం తేలిక. ఎవరిదీ కానిది అని వాళ్లు రాసినది నిజానికి అందరిదీ, దానికి కాపలా ఆ నలభై ముగ్గురు. నాగబాబు తల వంచుకుని వల ముడి ఒకటి విప్పి మళ్లీ వేశాడు. ఆ కిక్కిరిసిన పాకలో గుంజ పక్కన మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉండిపోవడం నేను చూశాను. ఎవరూ అందులోకి జరగలేదు.

పేర్లు దిద్దించొద్దు అని తీర్మానం అయింది.

ప్రజాభిప్రాయ సేకరణ మా ఒడ్డునే పెట్టారు. షామియానా, మైకు, దూరంగా పోలీసు వ్యాను. వేదిక సరిగ్గా దాలయ్య తావులో వేశారు. పలకరించకుండా గుంజలు దిగ్గొట్టేశారు. ఆడోళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

కేంద్రం తరపున వచ్చిన కుర్ర పరిశోధకుడి పేరు పృథ్వీరాజ్. చెడ్డవాడిలా లేడు. చెమట తుడుచుకుంటూ, అమ్మా అమ్మా అంటూ, స్వేచ్ఛ గురించి చెప్పాడు. నచ్చినవాళ్లకి నచ్చిన ధరకి అమ్ముకునే స్వేచ్ఛ మీకు లేకుండా పోయిందన్నాడు. అమ్మకుండా ఉండే స్వేచ్ఛ ఏ పేజీలో ఉన్నాది బాబూ అని జగ్గమ్మ అడిగింది. జనం నవ్వారు. అతనూ నవ్వాడు.

నిబంధన ప్రకారం హక్కుదారుల పేర్లు మూడేసి సార్లు పిలవాలి. రెవెన్యూ అధికారి గణపతిరావు మైకు తీసుకున్నాడు. మైకు గొట్టం సముద్రం వైపు తిరిగి ఉంది.

పోలయ్య అని పిలిచాడు. ఆ పేరు నీళ్లమీదుగా వెళ్లింది. వాళ్లు పోయిన రోజుల్లో ఒడ్డున నిలబడి గొంతులు పోయేలా పిలిచాం. ఆ తరవాత ఇన్నేళ్లకి మళ్లీ ఇప్పుడే, అదీ సర్కారు గొంతుతో.

"ఉన్నాడు," అంది పోలయ్య అక్క, లేచి నిలబడి.

ఎర్రయ్య అన్నాడు. ఉన్నాడు అన్నారు ముగ్గురు. ఆ తరవాత పదిమంది. పడవల దగ్గరున్న మగాళ్లు కూడా వచ్చేశారు. ఎవరి మనిషన్నది పోయింది, ప్రతి పేరుకీ అందరూ పలికారు. గణపతిరావు గొంతు పేరు పేరుకీ తగ్గుతూ వచ్చింది. జవాబు చెప్తున్నది ముందున్న జనమో వెనకున్న నీళ్లో తేలనట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

దాలయ్య పేరొచ్చింది. అసిరమ్మ లేవలేదు. రెండోసారి పిలిచాడు. నాగబాబు లేచాడు. మీటింగు తరవాత నోరు విప్పని మనిషి.

"ఉన్నాడు. మా అన్న," అన్నాడు.

ఆ వెనక అరవై గడపలూ లేచి ఆ మాటే అన్నాయి. అప్పుడు అసిరమ్మ వేదిక ముందుకి నడిచింది. అదే ఇస్త్రీ చీర. పృథ్వీరాజ్ కుర్చీలోంచి వంగి, నెమ్మదిగానే, చనిపోయిన మనిషికి చట్టంలో హక్కు ఉండదమ్మా అని చెప్పాడు.

ఆ రోజు అక్కణ్నుంచి ఎవరం కదల్లేదు. సాయంత్రానికి హేమనీ నాగబాబునీ మరో తొమ్మిది మందినీ వ్యాను ఎక్కించారు, ఇప్పటికీ కోర్టు వాయిదాలకి తిరుగుతున్నారు. వేదిక గుంజలు మేమే పీకాం. పక్క పాలెంలలో కూడా ఇప్పుడు ఆడోళ్లు తమ తావుల పేర్లు గట్టిగా పిలిచి మరీ పలకరిస్తున్నారట. ఆ చట్టం వస్తుందో రాదో, ఈ ఒడ్డుమీద ఎవరుంటారో తేలాల్సే ఉంది. కానీ అతని మాటకి అసిరమ్మ చెప్పిన జవాబు మాత్రం ఎవరికీ మరుపు రాదు. బొట్టుమీద వేలు పెట్టుకుని అంది:

"ఆ రోజు సచ్చిపోనాడని రాయమంటే మీవోలు రాయలేదు బాబూ. ఈయేల నువ్వు రాసీసినావు. సరే. అదే ముక్క నాకు కాయితమ్మీద రాసి సంతకం ఎట్టియ్యి, ఈ బొట్టు ఇక్కడే సెరిపీసుకుంతాను. ఎట్టలేవా, ఆడి తావులోంచి లెగు."