ఒకే సైకిలు, నాలుగు కాళ్ళు

సంచిలో ఒక్క చొక్కాయే పెట్టింది అప్పలనర్సమ్మ. రెండోది మడతపెట్టి చేత్తో పట్టుకుని, పెట్టనా వద్దా అని కాసేపు అలాగే నిలబడింది. తరవాత దాన్ని మళ్ళీ దండెం మీద వేసేసింది. ఒక్క చొక్కాతో వెళ్ళినవాడు ఎన్నాళ్ళని బయట ఉంటాడు? మాసిపోతే ఇంటికి రావలసిందే కదా. ఒక తువ్వాలు, నాలుగు చోడిపిండి రొట్టెలు, గుడ్డలో మూటకట్టిన అటుకులు, చిన్న బెల్లం ముక్క. సంచి సగం కూడా నిండలేదు.

"ఏటప్పా, నన్ను వైజాగు పంపుతన్నావా, పొలానికి కూడు పంపుతన్నావా?" అన్నాడు తమ్ముడు సన్యాసిరావు, సంచి మూతి విప్పి చూసి.

"రేపు సాయంత్రానికి వచ్చీసీవోడివి. ఇంకేటి కావాలి నీకు?"

"రాకపోతేనో? తీసుకున్నారంటే అట్నుంచటే రైలెక్కించేత్తారట."

"అప్పుడు సూద్దాం లే."

అరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకి నూనె పెడుతున్న ఆమె మొగుడు దేముడు తల ఎత్తాడు. "నాక్కూడా ఓ తువ్వాలు పెట్టవే."

"నీకెందుకు మావా? నువ్వు తోడెల్తన్నావు. వాడిదాంతోనే తుడుసుకో."

దేముడు నూనె చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. గొలుసు తిప్పి చూసుకున్నాడు.

చైనా యుద్ధం జరిగిన మరుసటి వేసవి అది. మిలట్రీలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని అనకాపల్లి బజార్లో ఎక్కడ నలుగురు చేరినా అదే మాట. జూన్‌లో విశాఖపట్నం మైదానంలో ఎంపిక జరుగుతుందని, కాగితాలూ కబుర్లూ అక్కర్లేదని, వెళ్ళి వరసలో నిలబడి మైలు దూరం పరిగెత్తితే చాలని చెప్పుకున్నారు. సన్యాసిరావుకి పద్ధెనిమిదేళ్ళు. నాగూర్ మీరా సైకిలు షాపులో పంక్చర్లు వేసేవాడు. ఆ మాట విన్న రోజునుంచీ వాడికి అన్నం సయించలేదు.

నర్సమ్మకి కూడా సయించలేదు, వేరే కారణానికి. వాడు తల్లి కడుపులో ఉండగానే తండ్రి పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ వెళ్ళి అటే పోయాడు. బతికున్నాడో లేడో తెలియదు. తల్లి కూడా పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నర్సమ్మే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు కూడా వాణ్ణి వెంటబెట్టుకునే వచ్చింది. ఊరు దాటిన మనిషి తిరిగి వస్తాడన్న నమ్మకం ఆమెకి ఏనాడూ లేదు. వద్దంటే వింటాడా అంటే వినడు. ఏడిస్తే, "ఊరుకో అప్పా" అని నవ్వి పోతాడు.

అందుకని ఒక ఉపాయం ఆలోచించింది.

"మావా, వాడు పొద్దున్నే పరుగుకెల్తన్నాడు కదా, నువ్వూ ఎల్లు" అంది దేముడితో. "రోజూ వాడికన్నా ముందుండు. ఓడిపోయి ఓడిపోయి వాడికే ఇసుగొత్తాది. తన వల్ల కాదనుకుంటాడు."

దేముడు బెల్లం మార్కెట్లో కళాసీ. బెల్లం దిమ్మలు మోసి మోసి బలిసిన మెడ, భుజాలు. ఆ మాటకి కడుపు పట్టుకుని నవ్వాడు. "దిమ్మలు మోసీవోడికి పరుగేటే? ఎనక పులి తరిమినా నాను నడిసే ఎల్తాను."

కాని సీజను అయిపోయి మార్కెట్లో పని లేక ఖాళీగా ఉన్నాడు. పెళ్ళాం మాట కాదనడం కూడా అతనికి అలవాటు లేదు. వెళ్ళాడు.

మొదట్లో సన్యాసిరావు రోజూ పరుగే తీశాడు. వారం తిరిగేసరికి మోకాలి కింద ఎముక పట్టుకుని కుంటుతూ వచ్చాడు. నాగూర్ మీరా షాపు అరుగు మీద కూర్చోబెట్టి ఆ కాలు చూసి తిట్టాడు. "రోజూ పరుగైతే పిక్క పోద్ది. రోజూ సైకిలైతే తొడ బిగుసుకుపోయి పరుగు రాదు. సగం ఇదీ, సగం అదీ ఉండాల్రా. నా దగ్గర ఒక పాత సైకిలుంది, తీస్కపో. సీటు సిరిగిపోతే మాత్రం మీ బావ లుంగీ కోసి కుట్టిత్తాను."

మనుషులు ఇద్దరు, సైకిలు ఒకటి. దానికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇల్లున్న గవరపాలెం నుంచి శారదా నది వంతెన దాటి కశింకోట వైపు. ఒకడు సైకిలెక్కి ముందుకు పోయి, ఒక మైలురాయికి దాన్ని ఆనించి, అక్కణ్ణుంచి పరుగు అందుకుంటాడు. వెనక పరిగెత్తుకొచ్చినవాడు ఆ సైకిలు తీసుకుని, మొదటివాణ్ణి దాటిపోయి, తరవాతి రాయి దగ్గర వదులుతాడు. అలా మార్చుకుంటూ పోవడం, మార్చుకుంటూ రావడం. తాళం లేదు. ఆ దారిన పోయే బండ్లవాళ్ళందరికీ తెలుసు ఆ సైకిలు ఎవరిదో, ఎవరికోసం నిలబడి ఉందో.

నర్సమ్మకి మాత్రం అది ఎన్నాళ్ళకీ అంతుపట్టలేదు. పొద్దున్న తమ్ముడు సైకిలు మీద వెళ్ళేవాడు, మొగుడు వెనకాల పరిగెత్తేవాడు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు గంట విని తమ్ముడనుకుని చెంబుతో నీళ్ళు పట్టుకు వెళితే అక్కడ మొగుడు దిగేవాడు. మర్నాడు మొగుడనుకుని వెళితే తమ్ముడు. ఒకడు వచ్చాక రెండోవాడు కనబడే దాకా ఆమె చెంబు పట్టుకుని వీధిలోనే నిలబడేది.

"ఏడ్రా మీ బావ?"

"ఎనకొత్తన్నాడు అప్పా."

పక్కింటి మరిడమ్మ ఇదంతా చూసి ఊరుకునే మనిషి కాదు. "ఏటే నర్సమ్మా, మీవోల్లిద్దరూ తెల్లారగట్ల సైకిలుకి గడ్డి మేపడానికి తీసుకెల్తన్నారేటి?"

రోహిణి కార్తె వచ్చింది. తెల్లారిన గంటకే తారు రోడ్డు మెత్తబడేది. అయినా వాళ్ళు మానలేదు. ఎండకి ముందే తిరిగి రావాలని ఇంకా చీకటి ఉండగానే లేచేవారు. దేముడు మొదట్లో వెనకబడేవాడు. తరవాత సమానమయ్యాడు. రోహిణి సగం గడిచేసరికి, ఎవరి వంతు పరుగు ఎంత త్వరగా అయిందో చూసుకుంటే దేముడిదే పైచెయ్యి. ఆమె కోరుకున్నదీ అదే.

కాని సన్యాసిరావుకి విసుగు రాలేదు. అదే ఆమెకి అర్థం కాలేదు. ఓడిపోయి వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, సంతోషంగా చెప్పేవాడు. "బావ యీపు సూత్తూ పరిగెడితే నాకు తెలీకుండానే జోరొచ్చేత్తంది అప్పా. బావ లేకపోతే నాను సగం దూరం కూడా ఎల్లలేను."

ఓడించడానికి పంపిన మనిషి వాడికి తోడైపోయాడు. పోనీ ఆ మనిషైనా మునుపటిలా ఉన్నాడా అంటే అదీ లేదు. రాత్రి రెండోసారి అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడుతున్నాడు. పొద్దుగూకగానే పడుకుంటున్నాడు. ఒకరోజు పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, తనలో తనే అనుకున్నట్టు, "ఇయ్యాల ఊపిరి బాగుంది" అన్నాడు. ఊపిరి బాగుండడం ఏమిటో ఆమెకి తెలియలేదు. అడిగితే దేముడు సిగ్గుపడ్డాడు.

మానెయ్యమని చెబుదామా అనుకుంది. మానేస్తే తమ్ముడు ఒక్కడే వెళతాడు. కొనసాగించమందామా అంటే వాడు ఇంకా గట్టిపడుతున్నాడు. ఏ వైపు లాగితే ఏది తెగుతుందో తెలియక, రెండూ వదిలేసి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మృగశిర వచ్చిన మర్నాడే ప్రయాణం. బస్సు ఎందుకు దండగని సైకిలు మీదే వెళ్ళి, రాత్రికి విశాఖపట్నం స్టేషన్లో పడుకుని, పొద్దున్నే మైదానానికి పోదామనుకున్నారు. తమ్ముడు సంచిని సైకిలుకి కడుతుండగా నర్సమ్మ మొగుణ్ణి పెరట్లోకి పిలిచింది.

"సైకిలు నువ్వు తొక్కకు మావా. దారంతా వాడిసేతే తొక్కించు."

"ఇరవై మైల్లే. నన్నెక్కించుకుని. గుంటడు సచ్చిపోతాడు."

"సావడు. కాల్లు పట్టేత్తాయి, అంతే. రేపు పరుగు రాదు. ఇంటికొత్తాడు."

దేముడు ఆమె ముఖంలోకి చూశాడు.  వీధిలోకి వెళ్ళి, "ఒరే సన్నేసీ, నాకు నడుం పట్టీసిందిరా, నువ్వే తొక్కాల" అని వెనక కూర్చున్నాడు. సన్యాసిరావు, "కూకో బావా, దానికేటి" అని పెడలు మీద కాలేశాడు. ఇద్దరి బరువుకీ సైకిలు ఒకసారి అటూ ఇటూ ఊగి దారిన పడింది.

మర్నాడు సాయంత్రం ఆకాశం నల్లబడి గాలి లేచింది. నర్సమ్మ మధ్యాహ్నం నుంచీ వీధిలోనే ఉంది. సందు మలుపులో గంట వినబడింది. సన్యాసిరావు వస్తున్నాడు, ఒక్కడే, మెల్లగా, కాళ్ళు ఈడ్చుకుంటూ తొక్కుకుంటూ.

"ఏటయిందిరా?"

"పోయిందప్పా" అన్నాడు. "కాల్లు కదల్లేదు."

ఆమె చటుక్కున లోపలికి తిరిగిపోయింది, ముఖం వాడికి కనబడకూడదని. పొయ్యి మీద ఎసరు పెట్టింది.  ఇంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు ఆమెకి. ఎండు చేపలు వేయించింది. రెండు కంచాలు పెట్టింది. తమ్ముడు గోడకి చేరబడి కూర్చున్నాడు. కంచం ముందుకి రాలేదు.

"తినరా. ఓడిపోతే ఏటి? మీ బావ కూడా వచ్చేత్తాడు ఇప్పుడో అప్పుడో."

వాడు కంచం పక్కకి జరిపాడు.

ఆమె గడపలో కూర్చుని రోడ్డు వైపు చూసింది. సైకిలు వచ్చిందంటే రెండో మనిషి వెనక పరుగుమీద ఉన్నట్టే కదా. ఈ వేసవంతా అలాగే జరిగింది. దేముడి కంచంలో కూడా అన్నం వడ్డించి, మూత పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది. నాలుగు చినుకులు పడి మట్టి వాసన లేచింది.

"తడిసిపోతాడు పాపం. ఎక్కడ దింపీసేవురా? లంకెలపాలెం దగ్గరా, ఇంకా ఇవతలా?"

"అప్పా."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"అప్పా, బావ రాడు."

ఆమె వినబడనట్టు చూసింది. సన్యాసిరావు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చెప్పాడు. "బావ పక్కనుంటే గాని నాకు పరుగు రాదు కదా. నువ్వూ వరసలో నిలబడు బావా, ముందు పరిగెట్టు, సివర్న పక్కకి తప్పుకో అన్నాను. సరే అన్నాడు. ఆగుతానన్నాడప్పా. నా కాల్లు పట్టేసి నాను మద్దిలోనే పడిపోనాను. ఆగు బావా, ఆగు అని అరిసేను. ఇనబడిందో లేదో. ఆగలేదు. అందరికన్నా ముందొచ్చేడు. కొలతలు తీసుకున్నారు. సాయంత్రం బండికి ఎక్కించేత్తారట."

"మిలట్రీకి రానని ఆల్లతో సెప్పకపోయేడా?"

"సెప్పలేదు."

"నాకేటి సెప్పమన్నాడు?"

"దసరాకి వత్తానన్నాడు. నా సంచి అడిగి పట్టుకెల్లేడు."

ఎవరిని తిట్టాలో ఆమెకి తెలియలేదు. తమ్ముణ్ణి తిడదామంటే వాడు ఆమె కోరుకున్నట్టే కళ్ళెదుట కూర్చుని ఉన్నాడు. మొగుణ్ణి తిడదామంటే, కడదాకా చెప్పినట్టే చేశాడు. సైకిలు తొక్కలేదు. వాడికన్నా ముందున్నాడు. ఇంతకీ తను ఏం చెప్పింది, అతను ఏం విన్నాడు? పరిగెడుతున్నప్పుడు ఆ మనిషి తలలో ఏముంది? మూతపెట్టిన కంచం తీయాలో ఉంచాలో కూడా తోచక అలాగే కూర్చుంది. మరిడమ్మ వచ్చి భుజం పట్టుకుని లేపింది.

దసరాకి దేముడు రాలేదు. మరుసటి ఏడు మేలో నెల రోజుల సెలవు మీద వచ్చాడు. సన్నబడ్డాడు. మెడ నిటారుగా నిలిచింది. బజార్లో జనం దారి ఇచ్చారు. సన్యాసిరావు అప్పటికి నాగూర్ మీరా షాపులో చక్రాలు బిగించే పనిలోకి వచ్చాడు. మిలట్రీ మాట ఎత్తడం మానేశాడు. బావ కళ్ళలోకి చూడడం కూడా మానేశాడు. రెండో రోజు చీకటితోనే దేముడు వాణ్ణి తట్టి లేపాడు. "లెగరా. సైకిలు తే." ఇద్దరూ మునుపటిలాగే వంతెన వైపు పోయారు. తిరిగొచ్చేటప్పుడు పోట్లాడుకుంటూ నవ్వుకుంటూ వచ్చారు.

నర్సమ్మ అడగాలనుకున్నది సెలవు అయిపోవస్తుండగా గాని అడగలేకపోయింది. పెరట్లో గంగాళం దగ్గర అతని వీపు రుద్దుతూ అడిగింది.

"ఎందుకాగలేదు మావా ఆ రోజు?"

 ఆ మాట అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"నాకూ తెలీదే. ఆగుదామనే అనుకున్నాను. మార్కెట్లో నాకెప్పుడూ ముందెవడో ఉంటాడు కదా, ఆడి యీపూ, ఆడి నెత్తి మీద దిమ్మా సూసుకుంటూ నడవడమే. ఆ రోజు తలెత్తి సూత్తే నా ముందెవడూ లేడు. ఉత్త మైదానం. అలగెప్పుడూ సూడలేదు నాను. ఇంకొంచెం సూద్దామనిపించింది. ఈలోగా అయిపోయింది."

"నాను గుర్తు రాలేదా?"

"వచ్చేవు. నువ్వే కదా ముందుండమన్నావు."

అది హాస్యమో నిష్ఠూరమో ఆమెకి తెలియలేదు. అతని ముఖం అవతలి వైపు ఉంది. చెంబుతో నీళ్ళు పోసింది.

ఆ పై వారం స్టేషన్లో బండెక్కాడు దేముడు. ఈసారి పెట్టెలో బట్టలు అతనే సర్దుకున్నాడు. సన్యాసిరావు అనకాపల్లిలోనే స్థిరపడి, పెళ్ళి చేసుకుని, అక్కని తన దగ్గరే ఉంచుకున్నాడు. దేముడు ఆఖరుసారి వెళ్ళింది 1964 జూన్‌లో. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. తిరిగి రాలేదు.