కుట్టు లోపలి బట్ట

వారం వారం బరువు తగ్గే ఇంజెక్షన్ పొడుచుకుని టైలరమ్మ సన్నబడింది. జాకెట్లన్నీ బిగించుకుని, ఇక అవసరం రాదనే ధీమాతో కుట్టు లోపల మిగిలిన బట్ట కూడా కత్తిరించి పారేసింది.

“తగ్గావుగా, ఇంకా ఆ మందెందుకు?” అని మొగుడు డాక్టర్నైనా అడక్కుండా మాన్పించాడు. ఆకలి తిరిగొచ్చింది, వెనకే ఒళ్లూ వచ్చింది.

ఇవాళ ఒక్క జాకెట్టూ పట్టలేదు. వదులు చేద్దామంటే లోపల బట్ట లేదు. మిషన్ ముందు కూలబడ్డ ఆమెను చూసి మొగుడు నవ్వాడు.

“నోరు కట్టుకోలేనిదానికి మందేం చేస్తుంది?”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని బీపీ మాత్రలు తీసి బీరువాలో పడేసి తాళం వేసింది.

“నా మాత్రలే అవి.”

“మీ బీపీ తగ్గిందిగా, ఇంకా ఆ మందెందుకు? కోపం అదుపులో పెట్టుకోండి, సరిపోతుంది.”