కింది బొత్తాం

ఆ శుక్రవారం దీవెన చేయవలసిన పనులు చాలానే ఉన్నాయి. గంగులు ఇంటి కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో చూసి చెప్పాలి. కొండబాబు పింఛను దరఖాస్తు నింపాలి. గున్నమ్మ కొడుకు చెన్నై నుంచి పంపిన మెసేజి ఆమెకు చదివి వినిపించాలి. ఆదివారం చర్చిలో స్త్రీల కూటానికి బైబిలు వాక్యం సిద్ధం చేసుకోవాలి. ఇవన్నీ అయ్యాక ఓపిక మిగిలితే తన టీచరు పరీక్షకు చదువుకోవాలి.

నౌపడ ఉప్పు మడుల పక్కనున్న ఆ పేటలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి పిల్ల దీవెన. అక్షరం ఉన్న కాగితం ఏది చేతికొచ్చినా జనం ఆమె గుమ్మం ముందుకే తెచ్చేవారు. తన చదువు నలుగురికీ అక్కరకు రావాలని ఆమె కూడా ఎవరినీ కాదనేది కాదు.

దరఖాస్తు సగంలో ఉండగా దాలమ్మ వచ్చింది. ఒక చేతిలో చిన్న బొత్తాల ఫోను, ఇంకో చేతిలో ఏటీఎం కార్డు.

"దీవెనా, బేంకు సారంట. లైన్లో ఉన్నాడు. ఏటో నంబర్లు అడుగుతన్నాడు. నువ్వే సెప్పేయి తల్లీ."

దాలమ్మ మడుల్లో ఉప్పు మోసే మనిషి. భర్త లేడు. నోట్ల రద్దు అయిన దగ్గర్నుంచి కూలి డబ్బు బ్యాంకులోనే పడుతోంది. వానలు మొదలైతే మడుల్లో పని ఉండదు. ఖాతాలో ఉన్న ముప్పై వేలే ఆమెకు ఆ నాలుగు నెలల తిండి. వానలు ఇంకో పది రోజుల్లో వచ్చేలా ఉన్నాయి.

"దాలమ్మగారి కార్డు గడువు తీరిందమ్మా. ఇప్పుడే సరిచేయకపోతే సాయంత్రం నుంచి డబ్బు రాదు," అంది స్పీకరు పెట్టిన ఫోనులో గొంతు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. దాలమ్మను 'గారు' అని ఎవరూ పిలవగా దీవెన అంతకుముందు వినలేదు. ఆ ఒక్క మాటకే దీవెన నమ్మేసింది.

కార్డు మీది పదహారు అంకెలు చదివింది. వెనకనున్న మూడు అంకెలూ చదివింది. ఇంతలో మెసేజి వచ్చింది. మొదటి వరుసలో ఉన్న ఆరు అంకెలూ చెప్పేసింది. ఆమె కళ్లు సగం నిండిన దరఖాస్తు మీదే ఉన్నాయి.

"అది సరిగా పడలేదమ్మా. ఇంకొకటి వస్తుంది, అది చెప్పండి."

రెండోది వచ్చింది. దీవెన నోరు తెరవబోయింది. పక్కన గొంతుక్కూర్చున్న దాలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఉండవే. కింది బొత్తాం నొక్కవేటి?"

"ఏ బొత్తాం అత్తా?"

"రోజూ నా మెసేజి సదివినప్పుడు కింది బొత్తాం నొక్కుకుంటా పోతావు. ఇందాకా నొక్కనేదు, ఇప్పుడూ నొక్కనేదు. నాకు సదువు రాదు గానీ, నీ బొటనేలు ఎలాగ తిరుగుతాదో తెల్దేటి?"

దీవెన నొక్కింది. ఆ చిన్న తెర మీద మిగతా వరుసలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. పద్దెనిమిది వేల రూపాయల సరుకు కొనడానికి ఈ నంబరు అని ఇంగ్లీషులో ఉంది. ఎవరికీ చెప్పవద్దని, బ్యాంకు ఎప్పుడూ అడగదని దాని కింద ఉంది. వెనక్కి వెళ్లి మొదటి మెసేజి చూసింది. తొమ్మిది వేలు. ఆ అంకెలు ఇందాకే చెప్పేసింది.

"త్వరగా చెప్పండమ్మా," అంటోంది ఫోను.

దాలమ్మ ఆమె ముఖం చూసింది, తర్వాత ఫోను వైపు వంగింది. "ముందు నీ బేంకు పేరేటో సెప్పు నాయినా."

అవతల ఫోను పెట్టేశారు.

దీవెన కార్డు తిప్పింది. ఇందాక మూడు అంకెలు చదివిన వైపే బ్యాంకువాళ్ల ఫోను నంబరు కూడా ఉంది. వెంటనే దానికి చేసి కార్డు ఆపించింది. ఇద్దరూ ఆటో ఎక్కి టెక్కలి వెళ్లారు.

బ్యాంకు అధికారి ప్రసూనాంబగారు ఫిర్యాదు రాసుకుని, పోలీసులకు ఇవ్వవలసిన కాగితం కూడా చేతికిచ్చారు. "వెంటనే కార్డు ఆపించారు గనక మిగతాది దక్కింది. పోయిన తొమ్మిది వేలు తిరిగి వస్తాయని మాత్రం మాటివ్వలేను. ఒకటి గుర్తుపెట్టుకో అమ్మా. ఆ అంకెలు నేనడిగినా చెప్పకూడదు."

తిరుగు ఆటోలో దీవెన ఏడ్చింది. "నా నోటితోనే పోగొట్టాను అత్తా. ఉద్యోగం రాగానే నేనే కడతాను."

"నీ ఉజ్జోగం వచ్చేసరికి నేనుండాలి కదే," అని దాలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "నెల మీద తిండి పోనాది. పోనీ, పొందూరులో నా తోడబుట్టిన అప్ప కాడికెల్లి ఒక నెల నూలు వడుకుతాను. నా బయ్యం అది కాదు. ఇకమీదట నువ్వు మాకు సదవడం మానేత్తావేమోనని. మానకు. కిందాకా నొక్కు, అంతే."

ఆదివారం కూటంలో దీవెన రాసుకున్న వాక్యాన్ని పక్కన పెట్టింది. జరిగినదంతా తన పేరుతోనే చెప్పింది. చివర్లో ఇలా అంది: "ఆ దొంగకి అత్త కార్డు దొరకలేదు, ఫోనూ దొరకలేదు. తొందరలో ఉన్న నేను దొరికాను."

చదువుకున్న అన్నలారా, అక్కలారా, మీ ఫోనుకూ అలాంటి అంకెలు వస్తాయి. అవతలి మనిషి ఎంత మర్యాదగా అడిగినా, ఎంత తొందరపెట్టినా, ఎవరికీ చెప్పకండి. మెసేజి చివరిదాకా చదవండి. మీ చేత చదివించుకునేవారు పక్కనుంటే ఇంకా నిదానంగా చదవండి. ఆ సమయంలో ఒక్కసారి, ఆ వానాకాలం పొందూరులో నూలు వడికిన దాలమ్మను తలచుకోండి.